బుడాపెస్ట్ తిండి, తిరుగుడు: మిరపకాయల దేశంలో కారం దొరుకుతుందా?

బందరు బాటసారి

వియన్నాలో ఆఫీసు పని అయిపోయింది, మా ఆవిడ సెలవు పెట్టి వచ్చి కలిసింది, ఇద్దరం రైలెక్కి హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో దిగాం. ఈ ఊరి గురించి తెలుగులో ఎవరేం రాశారా అని వెతికితే రాత్రిపూట పార్లమెంటు భవనం ముందు సెల్ఫీలే గానీ తిండి సంగతి ఎత్తినవాళ్లు కనపడలేదు. సరే, మనమే మొదలెడదాం. ఇంకా ఇక్కడే ఉన్నాం, తెలిసినవాళ్లు చోట్లు చెబితే తిని వచ్చి రాస్తాను. బీఫ్ తినం, మిగతావన్నీ సరే.

నిన్న పొద్దున్నే పెద్ద మార్కెట్‌కి పోయాం. ఫ్యోవామ్ తేర్ మెట్రో దిగి పైకొస్తే ఆకుపచ్చ ఇనుప వంతెన పక్కనే ఉంటుంది. 1897 నాటి భవనం. పైకప్పు మీద రంగురంగుల పెంకులు, లోపల ఇనుప స్తంభాలు, మెడ వెనక్కి వాల్చి చూడాల్సినంత ఎత్తు. అడుగు పెట్టగానే నా కళ్లు పోయింది ఎండు మిరపకాయల దండల మీదికే. కొట్టు చూరు పొడవునా వేలాడుతున్నాయి. కింద ఎర్రటి పొడి డబ్బాల్లో, గుడ్డ సంచుల్లో, సంచికో బుల్లి చెక్క గరిటె కట్టి. గుంటూరు యార్డు పక్క నుంచి బస్సులో పోయినా తుమ్మేవాణ్ణి నేను, ఇక్కడ అన్ని మిరపకాయల మధ్య నిలబడితే ఒక్క తుమ్ము రాలేదు! కొట్టావిడ డబ్బా మూత తీసి చిటికెడు అరచేతిలో వేసింది. నాలిక మీద వేసుకుంటే తీపి, కాస్త ఎండ వాసన, ఎక్కడో అడుగున చిన్న చేదు. కారం మాత్రం లేదు. ఇంకో డబ్బా చూపించి ఇది 'చీపోష్', కారం అంది. అది కూడా మా ఇంట్లో పిల్లల అన్నంలో కలిపేంతే ఉంది.

పైఅంతస్తులో లాంగోష్ తిన్నాం. పులిసిన పిండిముద్దని చేత్తోనే లాగి, నడుమ పల్చగా అంచు మందంగా చేసి నూనెలో పడేస్తాడు. పొంగి, బుడగలొచ్చి, ఎర్రబడ్డాక తీసి, వెల్లుల్లి నానిన నీళ్లు కుంచెతో పూసి, మీద పుల్లటి మీగడ పరిచి, దాని మీద చీజు తురుము గుప్పెడు. ప్లేటులో పట్టదు. నిలబడే తినాలి, పక్కవాడి మోచెయ్యి తగులుతూనే ఉంటుంది. మా ఆవిడ సగంలో ఆగిపోయింది. నేను ఆగలేదు.

ఇక ప్రశ్న: ఇన్ని మిరపకాయలు పండించే వీళ్లు అసలు కారం తింటారా, తినరా?

దాన్యూబ్ గట్టు

బాటసారి గారూ, స్వాగతం. ఉద్యోగరీత్యా ఈ ఊళ్లోనే ఉంటున్నాను, అందుకే చనువుగా చెబుతున్నా. మార్కెట్ పైఅంతస్తు మన టూరిస్టుల కోసం. ధరలు కూడా మనకోసమే. ఈసారి లాంగోష్ తినాలంటే బుడా వైపు ఫేన్యు ఉత్సా మార్కెట్‌కి వెళ్లండి, సేల్ కాల్మాన్ తేర్ మెట్రో నుంచి నడక దూరం. అక్కడ కూరగాయల సంచులు పట్టుకున్న ముసలమ్మల వెనక క్యూలో నిలబడతారు. మీగడ, చీజు లేకుండా వట్టి వెల్లుల్లిది అడిగి చూడండి, పిండి రుచి తెలుస్తుంది.

పెద్ద మార్కెట్లో నేలమాళిగకి దిగారా? చాలామంది దిగరు. ఊరగాయలన్నీ అక్కడే. గాజు సీసాల్లో దోసకాయలు, క్యాబేజీ కూరిన మిరపకాయలు, ముక్కూ మూతీ చెక్కి నవ్వు ముఖాలుగా పేర్చిన కూరగాయలు కూడా ఉంటాయి. వేసవిలో వీళ్లు ఇళ్లల్లో పెట్టే దోసకాయల ఊరగాయ ఒకటుంది, కొవాసోష్ ఉబొర్క. పెద్ద సీసాలో దోసకాయలు నిలువుగా కూరి, సోయాకూర రెమ్మలు, వెల్లుల్లి వేసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసి, పైన ఒక బ్రెడ్డు ముక్క పెట్టి ఎండలో ఉంచుతారు. వెనిగర్ చుక్క కూడా వెయ్యరు. ఆ బ్రెడ్డు వల్లే పులుస్తుంది. కొన్నాళ్లకి నీళ్లు తెల్లగా మబ్బేస్తాయి, బ్రెడ్డు తీసి పారేసి తినడమే. మా పక్కింటి మామ్మగారు కిటికీ గట్టు మీద సీసా పెట్టిందంటే వేసవి వచ్చిందని లెక్క.

కారం సంగతి: తింటారు, కానీ వంటలో వెయ్యరు, పక్కన పెట్టుకుంటారు. హోటల్లో 'ఎరోష్ పప్రిక', అంటే కారం మిరపకాయ, అని అడగండి. తరిగిన పచ్చి మిరపకాయో, ఎండుదో, లేకపోతే ఎరోష్ పిష్ట అనే ఎర్రటి ముద్దో గిన్నెలో తెచ్చిస్తారు. ఆ ముద్ద సూపర్‌మార్కెట్లో చిన్న సీసాలో దొరుకుతుంది. దాదాపు అంతా నూరిన మిరపకాయ, ఉప్పే. నేనైతే వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటాను. పండుమిరపకాయ పచ్చడి లేని లోటు సగం తీరుతుంది.

ఓరుగల్లు పోరడు

కారం లేని మిర్చి అంటే అందరు నవ్వుతరు గని, మా దిక్కు గూడ ఉన్నది అన్నా. చపాటా మిర్చి. టమాటా మిర్చి అని గూడ అంటరు. గుండ్రంగ, ఉబ్బుగ, ఎర్రగ నిగనిగలాడుతది, కారం మాత్రం నామ్‌కే వాస్తే. రంగు కోసమే కొంటరు, పచ్చళ్లకు మస్తు గిరాకీ. వరంగల్ చపాటాకు 2025ల జీఐ ట్యాగ్ వచ్చింది. మా నాయిన ఎకరం ఏస్తడు. హంగేరోళ్లు చేసేది గూడ గదే పని గదా, రంగు, వాసన అమ్ముకునుడు. గుంటూరోళ్లే కారం కారం అని లొల్లి చేస్తరు 😄

కొండారెడ్డి బురుజు

పోరడా, కారం లేని మిరపకాయ అంటే ఉప్పు లేని ఉప్మా కాదా.

డెబ్రెసెన్ మెడికో

అన్నలూ, ఇక్కడ మెడిసిన్ చదువుతున్నా, కాబట్టి పప్రిక మీద మాట్లాడే హక్కు నాకుంది. విటమిన్ సి ని కుప్పలుగా తీసింది దీన్నించే. ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ అని బుడాపెస్ట్‌లో పుట్టినాయన, సెగెద్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. విటమిన్ కోసం వెతుకుతుంటే సరిపడా సరుకు ఎక్కడా దొరకలేదు. ఓ రాత్రి వాళ్లావిడ భోజనంలో పప్రిక పెట్టిందట, తినబుద్ధి కాక ల్యాబ్‌కి పట్టుకుపోయానని ఆయనే చెప్పుకున్నాడు. చూస్తే ఆ ఊరి చుట్టూ పండేదే అసలు గని. కిలోలకి కిలోలు తీశారు. 1937లో నోబెల్ వచ్చింది. ఆవిడకి కూడా సగం ఇవ్వాల్సింది.

కారం ఎందుకు లేదంటే, మొదట్లో వీళ్ల మిరపకాయ కూడా ఘాటుగానే ఉండేది. తురుష్కుల పాలనలో ఇక్కడికి చేరిన మొక్క. కారం ఉండేది లోపలి తెల్లటి ఈనెల్లో కదా, 19వ శతాబ్దంలో సెగెద్‌లో ఈనెలు, గింజలు వేరుచేసే యంత్రాలు వచ్చాయి, తర్వాత 20వ శతాబ్దంలో అసలు కారమే లేని రకాలు పండించారు. సెగెద్, కలొచ రెండూ పప్రిక ఊళ్లే. ఎవరిది గొప్ప అని అడిగితే సాయంత్రం దాకా వదలరు.

హాస్టల్లో వండుకునేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఈ పొడిని మన కారంలాగా కాగిన నూనెలో వెయ్యకండి. ఇందులో చక్కెర ఎక్కువ, క్షణంలో మాడి చేదెక్కుతుంది. ఉల్లిపాయ బాగా మెత్తగా వేయించి, గిన్నె పొయ్యి మీంచి దించి, అప్పుడు పొడి వేసి గిరగిరా కలిపి, వెంటనే మాంసమో నీళ్లో పోసెయ్యాలి. చెంచా చెంచా కాదు, ధైర్యంగా రెండు మూడు చెంచాలు. కూర రంగు చూస్తే మీకే గర్వంగా ఉంటుంది.

బందరు బాటసారి

మెడికో తమ్ముడూ, ఇది బంగారం లాంటి మాట. రెండు డబ్బాలు కొన్నాను, ఇంటికెళ్లి మొదటి పోపులోనే మాడ్చేసి ఉండేవాణ్ణి.

పప్పుచారు

అందరికీ నమస్తే. జూన్‌లో మా అత్తగారిని, మామగారిని తీసుకుని వెళ్తున్నాం. అత్తగారు శుద్ధ శాకాహారం, గుడ్డు కూడా తినరు. ఇక్కడ చదువుతుంటే అంతా మాంసం, చేప. ఆవిడకి రోజూ బ్రెడ్డూ అరటిపండేనా? గట్టు గారూ, మీరే దిక్కు.

దాన్యూబ్ గట్టు

అంత కంగారు పడకండి. ముందు చెడ్డ వార్త చెప్పేస్తా: ఇక్కడ వంట నూనెకి బదులు పంది కొవ్వు వాడటం మామూలు, దాన్ని 'జీర్' అంటారు. కూరగాయల వంటకం అని మెనూలో ఉన్నా అడుగున అది ఉండొచ్చు. సూపు బీన్స్‌దే అయినా పొగబెట్టిన పంది మాంసం ముక్క ఉడికి ఉంటుంది. కాబట్టి 'హూష్ నేల్‌క్యూల్, జీర్ నేల్‌క్యూల్' అని కాగితం మీద రాసి చూపించండి. మాంసం వద్దు, కొవ్వు వద్దు అని. మెనూలో 'మర్హ' ఉంటే బీఫ్, 'షెర్తేష్' పంది, 'చిర్కె' కోడి. ఈ మూడూ గుర్తుంటే బాటసారి గారికీ పనికొస్తుంది. గుయాష్ సూపులో సాధారణంగా బీఫే ఉంటుంది.

ఇక మంచి వార్త, ఫ్యోజెలేక్. ఏదో ఒక కూరగాయని ఉడికించి, పిండితోనో పుల్లటి మీగడతోనో చిక్కబరిచి గిన్నెలో పోసిస్తారు. గుమ్మడి జాతి కాయతో సోయాకూర వేసింది, పచ్చి బఠాణీ, పాలకూర, ఎండు పప్పుది కూడా. హంగేరీ పిల్లలు బడిలో ముఖం చిట్లించేది దీనికే, పెద్దయ్యాక బెంగపడేదీ దీనికే. పైన వేపుడు గుడ్డో, మాంసం ముక్కో పెట్టడం ఆనవాయితీ, అది వద్దనండి చాలు. బ్రెడ్డుతో తింటారు. ఇంట్లో చేసిన అన్నం డబ్బా ఉంటే ఇంకా హాయి.

లెచో అడగండి, టమాటా, ఉల్లి, పచ్చటి పెద్ద మిరపకాయల కూర. సాసేజ్ వెయ్యకుండా చెయ్యమనాలి. పుట్టగొడుగులు తింటారా మీ అత్తగారు? తింటే గొంబ పప్రికాష్. పక్కన ఇచ్చే నొకెద్లి అనే ఉడికించిన పిండి ముద్దల్లో గుడ్డు ఉంటుంది, బదులుగా అన్నం అడగండి. చీజుకి పిండి పట్టించి వేయించింది ప్రతి హోటల్లో ఉంటుంది గానీ ఆ పూతలోనూ గుడ్డే. స్వీట్లలో జాగ్రత్త, కేకులన్నీ గుడ్డే.

తీపి సూపు ఒకటుంది, పుల్ల చెర్రీలది, చల్లగా, మీగడతో. భోజనం మొదట్లోనే ఇస్తారు. చాలాసార్లు అందులోనూ గుడ్డు సొన కలుపుతారు, అడిగి తాగించండి.

పప్పుచారు

కాగితం మీద రాయించుకుంటాను. ఎంత వివరంగా చెప్పారండీ! గసగసాలు, బెల్లం లాంటివి ఏమైనా ఉంటాయా? ఆవిడకి తీపి ప్రాణం.

దాన్యూబ్ గట్టు

గసగసాలే గసగసాలు. నూరిన గసగసాలు, పంచదార పొడి ఉడికించిన నూడుల్స్ మీద గుమ్మరించి భోజనంలాగే తింటారు. పెద్దవాళ్లు నిజంగానే మధ్యాహ్నం భోజనం అదే చేస్తారు. గుడ్డు లేని నూడుల్స్ కొని మీరే ఇంట్లో చేసిపెట్టొచ్చు, నూరిన గసగసాలు సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లో అమ్ముతారు. ఇక ఫ్రిజ్ వరసలో తూరో రూది అని తెల్ల కాగితం మీద ఎర్ర చుక్కల పొట్లం ఉంటుంది. లోపల తియ్యటి పాలవిరుగుడు, పైన సన్నటి చాక్లెట్ పొర. 1968 నుంచి ఉంది. ఒకటి కొంటే సరిపోదు, ముందే చెబుతున్నా.

గోదారోడు

ఆయ్, ఇంతమంది మాట్లాడేరు గానీ చేపల సంగతి ఎవరూ ఎత్తలేదండి. వాళ్లకీ ఓ పెద్ద నది ఉంది కదండీ, పులుసు పెట్టరా?

డెబ్రెసెన్ మెడికో

పెడతారు బాబాయ్. హలాస్లే. ఎర్రగా మండుతున్నట్టుంటుంది చూడ్డానికి. సెగెద్ వాళ్లు చిన్న చేపల్ని ఉల్లితో ఉడికించి, ముళ్లతో సహా జల్లెడలో రుద్ది ఆ చిక్కటి రసంలో పెద్ద ముక్కలు వేస్తారు. బయ్య అని దక్షిణాన దాన్యూబ్ ఒడ్డు ఊరు, వాళ్లు రుద్దరు, సన్నటి నూడుల్స్ వేసి తింటారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇంటింటా ఇదే. చేప ఎక్కువగా బంగారుతీగే, మీ భీమవరం చెరువుల్లో పెంచేదే. వాలుగలాంటి పెద్ద మీసాల చేప కూడా వేస్తారు.

గోదారోడు

చింతపండు?

డెబ్రెసెన్ మెడికో

లేదు బాబాయ్.

గోదారోడు

మరి దాన్ని పులుసని ఎలా అంటామండి. వేడినీళ్లలో చేపకి స్నానం చేయించినట్టుంది వ్యవహారం.

బందరు బాటసారి

గోదారోడు గారూ, మీకోసమే నిన్న రాత్రి తిన్నాను. తీర్పు చెబుతున్నా వినండి. చిన్న ఇనప గంగాళంలాంటి దాన్లో, కింద మంట మీద వేలాడదీసి తెచ్చారు. రసం పైన ఎర్రటి నూనె తేలుతోంది. మొదటి చెంచా: తీపి. రెండోది: ఉల్లి బాగా కరిగిన చిక్కదనం. పక్కన పెట్టిన చిన్న గుండ్రటి ఎండు మిరపకాయని నలిపి వేశాక మాత్రం కథ మారింది. పులుపు లేదన్న బాధ నాకూ ఉంది, నిమ్మకాయ అడిగి పిండుకున్నాను, వడ్డించేవాడు ఓ రకంగా చూశాడు. చేప ముక్క మెత్తగా, మట్టివాసన లేకుండా ఉంది. బంగారుతీగ కదా, ముళ్లు రెండుగా చీలి ఉంటాయి, నిదానంగా తినాలి. మన పులుసుతో పోటీ పెట్టను. కానీ మరుసటి రోజు మళ్లీ గుర్తొచ్చింది.

బిల్లు చూస్తే సర్వీసు ఛార్జీ ముందే కలిపేసి ఉంది. చూడకపోతే టిప్పు మళ్లీ ఇచ్చేవాణ్ణి.

దాన్యూబ్ గట్టు

అవును, అది చాలా చోట్ల ఉంటుంది, బిల్లు అడుగున 'సెర్విజ్‌దీయ్' అని వెతకండి. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా యూరోల్లోనా ఫోరింట్లలోనా (ఇక్కడి డబ్బు) అని మిషను అడిగితే ఫోరింట్లే నొక్కండి. వీధి మూలల్లో మెరిసిపోయే ఏటీఎంలకి దూరం, బ్యాంకు గోడకి ఉన్నదే వాడండి. నీళ్ల సీసా మూత గులాబీ రంగైతే మామూలు నీళ్లు, నీలం రంగైతే గ్యాసు. కొళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. మధ్యాహ్నం పూట ఆఫీసుల దగ్గరి చిన్న హోటళ్లలో బోర్డు మీద 'నపి మెన్యూ' అని రాసి ఉంటుంది, సూపూ, ఓ వంటకం కలిపి చవగ్గా. శని, ఆదివారాల్లో ఉండదు. నా దృష్టిలో ఈ ఊళ్లో మంచి తిండి అదే. సాయంత్రం మెరుగుల హోటళ్లలో తినేదాంట్లో సగం ఖర్చు గోడలకి.

ఓరుగల్లు పోరడు

చూసేటియి గూడ చెప్పుండ్రి జర. తినుడేనా?

బందరు బాటసారి

తింటూనే చూశాం తమ్ముడూ. అన్నిటికంటే చవకైన పని 2వ నంబరు ట్రాము. నదీ గట్టు వెంటే పోతుంది, పార్లమెంటు, గొలుసు వంతెన, మార్కెట్, అన్నీ కిటికీలోంచే. ఎదురుగా బుడా కొండ, కోట. ఎడమా కుడీ చూసుకుని నది వైపు సీటు పట్టుకోవాలి, అంతే. గొలుసు వంతెన 1849 నాటిది. యుద్ధం చివర్లో 1945లో జర్మన్లు పేల్చేశారు, మళ్లీ 1949కి కట్టుకున్నారు. ఇప్పుడు మామూలు కార్లని రానివ్వరు, నడవడానికి హాయి.

పార్లమెంటు లోపల టూరు బాగుంది, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. హంగేరీ రాజుల కిరీటం చూశాం, దాని మీద శిలువ వంగిపోయి ఉంటుంది. అది సరే, నాకు నచ్చింది వేరే. సభ బయట వరండాలో కిటికీ గట్టు పొడవునా ఇత్తడి చుట్ట స్టాండ్లున్నాయి, ఒక్కో గుంటకి ఒక్కో అంకె. సభ్యులు చుట్ట అక్కడ పెట్టి, తమ అంకె గుర్తు పెట్టుకుని లోపలికి పోయేవాళ్లట. మా తాత చూసి ఉంటే ఎమ్మెల్యేగా నిలబడేవాడు.

ఆ పక్కనే నది గట్టు అంచున ఇనుప చెప్పులున్నాయి. 60 జతలు. 1944-45 చలికాలంలో యారో క్రాస్ అనే హంగేరీ ఫాసిస్టు ముఠా యూదుల్ని అక్కడ వరసగా నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలోకి తోసేసింది. వాటిలో చంటిపిల్లల జోళ్లూ ఉన్నాయి. కొన్నిట్లో ఎవరో పువ్వులు పెట్టారు. మేం వెళ్లినప్పుడు ఓ కుర్రాడు ఒక జతలో కాలు పెట్టి ఫోటో దిగబోతే ఓ పెద్దావిడ గట్టిగా కసిరింది. మంచి పని చేసింది.

మెట్రోలో పసుపు లైను ఎక్కాం. 1896 నాటిది, యూరప్ ప్రధాన భూభాగంలో మొదటిది, లండన్ దాని కంటే ముందు. మెట్లు నాలుగు దిగితే ప్లాట్‌ఫారమే, తెల్ల పలకలు, ఇనుప స్తంభాలు, బొమ్మరైలంత బోగీలు. అదే ఊళ్లో 2014లో మొదలైన ఆకుపచ్చ లైనుకి డ్రైవరే లేడు.

పప్పుచారు

మెట్రోలో 65 దాటినవాళ్లకి ఉచితం అని చదివాను. మామగారికి 70.

దాన్యూబ్ గట్టు

అది యూరోపియన్ యూనియన్ పౌరులకేనండీ. మన పాస్‌పోర్టుకి వర్తించదు. బుడాపెస్ట్ గో యాప్‌లో 72 గంటల పాసు కొనండి, విమానాశ్రయం నుంచి వచ్చే 100ఈ బస్సుకి మాత్రం వేరే టికెట్. కాగితం టికెట్ కొంటే మెట్రోలోకి మెట్లు దిగేముందు మిషన్లో గుద్దించడం మర్చిపోవద్దు. చేతికి పట్టీ కట్టుకుని తనిఖీవాళ్లు మెట్ల దగ్గరే నిలబడతారు. 'కొన్నాను గానీ గుద్దించలేదు' అంటే వినరు, జరిమానా వేస్తారు.

అన్నట్టు మామగారికి ఒక సంగతి చెప్పండి, సంతోషిస్తారు. వీళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. యూరప్‌లో మన ఫారం నింపే బాధ అర్థమయ్యేది వీళ్లకొక్కరికే.

గోదారోడు

రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వెళ్లేరని ఎక్కడో చదివేను, నిజమేనాండి?

దాన్యూబ్ గట్టు

నిజమే. 1926లో గుండె జబ్బు చేసి బాలతోన్ సరస్సు ఒడ్డున బాలతోన్‌ఫ్యురెద్‌లో ఉండి వైద్యం చేయించుకున్నారు. కోలుకున్నాక అక్కడో చెట్టు నాటారు. సరస్సు పక్కన నడకదారికి ఆయన పేరే పెట్టారు. బుడాపెస్ట్ నుంచి రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు, వేసవి అయితే ఒడ్డునే లాంగోష్ బళ్లు.

కొండారెడ్డి బురుజు

నాకు వేడినీళ్ల స్నానాల గురించి చెప్పండప్పా. మా దోస్తు ఒకడు వెళ్లొచ్చి రోజూ అదే వాగుతున్నాడు.

బందరు బాటసారి

సేచేనికి వెళ్లాం, 1913 నాటి పసుపు రంగు మేడ. నడుమ ఆరుబయట కొలను, పొద్దున చలిలో నీళ్ల మీంచి ఆవిరి. నడుం లోతు నీళ్లలో ముసలాళ్లు చదరంగం ఆడుతున్నారు, బోర్డు మీద నీళ్ల చుక్కలు. ఒకాయన ఎత్తు వెయ్యడానికి ఎంతసేపు ఆలోచించాడంటే, మేం వేరే మూడు కొలనులు తిరిగి వచ్చేసరికి ఆ గుర్రం అక్కడే ఉంది. మధ్యాహ్నం దాటాక జనం ఎక్కువ, పొద్దున్నే పోండి. ఈత కొట్టే పొడుగు కొలనులో దిగాలంటే టోపీ తప్పనిసరి, వేడినీళ్ల తొట్లకి అక్కర్లేదు. గెల్లేర్ట్ మాత్రం 2025 అక్టోబరు నుంచి మరమ్మతులకి మూసేశారు, పాత బ్లాగులు చూసి బయల్దేరకండి.

డెబ్రెసెన్ మెడికో

స్నానం అయ్యాక ఆకలి రాక్షసంగా వేస్తుంది, అది ఎవరూ చెప్పరు. జేబులో రెండు తూరో రూదిలు పెట్టుకెళ్లండి.

పప్పుచారు

ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఆపేస్తాను. అత్తగారు ఆవకాయ, నెయ్యి, సున్నుండలు సర్దేస్తున్నారు. తేవచ్చా? అలాగే, మగవాళ్లు లేకుండా ఆడవాళ్లం మాత్రమే వేడినీళ్లలో దిగే చోటు ఉంటుందా? ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కానీ అందరిలో దిగనంటున్నారు.

దాన్యూబ్ గట్టు

ఆవకాయ తెచ్చుకోండి, చెక్ఇన్ లగేజీలో, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి. నెయ్యి వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేకూడదు. సున్నుండల్లోనూ నెయ్యి ఉంది కాబట్టి వాటి సంగతి ముందే కనుక్కోండి. కోడి పచ్చడి గురించి ఎవరూ అడక్కండి, జవాబు వద్దనే.

రెండోదానికి, రుదాష్. తురుష్కుల కాలం నాటి స్నానశాల, గుమ్మటం కింద ఎనిమిది మూలల కొలను, పైన చిన్న చిన్న రంధ్రాల్లోంచి వెలుతురు పడుతుంది. ఆ పాత భాగం మంగళవారం ఆడవాళ్లకే. వారాంతంలో అందరూ కలిసి. వెళ్లే వారం ఒకసారి వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోండి, వేళలు మారుస్తుంటారు.

పప్పుచారు

మంగళవారం ఖాయం. చీరతో దిగనిస్తారా అని అడగమంటున్నారు.

దాన్యూబ్ గట్టు

చీరతో దిగనివ్వరండీ. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఉంటాయి కదా, మోచేతుల దాకా, మోకాళ్ల కింద దాకా, అవి హైదరాబాద్‌లోనే కొనేయండి. ఇక్కడ ఆవిడ సైజు వెతకడం కష్టం. రబ్బరు చెప్పులు కూడా తెచ్చుకోండి, నేల జారుతుంది.

ఓరుగల్లు పోరడు

గట్టు అక్కా, గా తియ్యమిర్చి గింజలు దొరుకుతయా ఆడ? మా నాయిన అడుగుతుండు.

దాన్యూబ్ గట్టు

దొరుకుతాయి, కానీ విత్తనాలు ఇండియాలోకి ఊరికే తీసుకెళ్లకూడదు తమ్ముడూ, మొక్కల క్వారంటైన్ అనుమతి కావాలి. పొడి డబ్బా పంపిస్తాను, నాన్నగారిని చపాటాతో పోల్చి చూడమను.